వినికిడి లేని బిడ్డకు సైగ భాష, తెలుగు మాట రెండూ: విశాఖ తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

బిడ్డకు వినికిడి లేదని తెలిసిన ఇంట్లో అందరూ ముందు అడిగేది "మాటలు వస్తాయా?" అనే. విశాఖలో ఇలాంటి పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్ని నేను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఇంకో సంగతి చెబుతాను. బిడ్డకు ముందు ఒక భాష కావాలి. ఆకలేస్తోందని చెప్పడానికి, తాతగారు ఎక్కడికి వెళ్లారని అడగడానికి, అమ్మ చెప్పిన జవాబు అర్థం చేసుకోవడానికి కావాలి. అది చెవి ద్వారా అందినా, కంటి ద్వారా అందినా మెదడు దాన్ని భాషగానే తీసుకుంటుంది. మొదటి ఐదేళ్లలో ఏ భాషా నిండుగా అందని పిల్లలకు తర్వాత చదువూ కష్టమే, స్నేహాలూ కష్టమే. అందుకే సైగ భాష, మాట రెండూ ఇవ్వండి. వీటిలో సైగను ఈ రోజే మొదలుపెట్టొచ్చు, దానికి ఏ పరికరం కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

"సైగలు అలవాటైతే ఇక నోరు తెరవడు" అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఈ నమ్మకం చాలా పాతది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్యా సదస్సు స్కూళ్లలో సైగ భాష వద్దని తీర్మానించింది. ఎన్నో దేశాల్లో పిల్లల చేతులు కట్టేసినంత పని జరిగింది. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమైన అదే అంతర్జాతీయ సదస్సు ఆ తీర్మానాలను తోసిపుచ్చి, వాటివల్ల జరిగిన హానికి విచారం తెలిపింది. నేను చూసినంతలో సైగల వల్ల మాట ఆగిపోయిన బిడ్డ లేడు. మాట కోసం ఎదురుచూస్తూ నాలుగేళ్ల వయసుకు ఏ భాషా లేకుండా మిగిలిన పిల్లలు మాత్రం ఉన్నారు. వాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మొదటి అడుగు: పరీక్షలు ఆలస్యం చేయకండి

నెల లోపు స్క్రీనింగ్, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చెవి మిషనూ శిక్షణా మొదలు కావాలి. ఇది ప్రపంచమంతా పాటించే లెక్క. ఆ వయసు దాటిపోతే నిరాశ పడకండి, కానీ ఇక ఒక్క వారం కూడా వదులుకోకండి.

స్క్రీనింగ్‌కు ఓఏఈ పరీక్ష చేస్తారు. పడుకున్న బిడ్డ చెవిలో చిన్న మొన పెట్టి కొద్ది నిమిషాల్లో ముగిస్తారు. "రిఫర్" అని వస్తే చెవుడు ఖాయమని కాదు, మళ్లీ పరీక్షించాలని. నిర్ధారణకు చేసేది బేరా. తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి, శబ్దానికి మెదడు దాకా వెళ్లే నాడి ఎలా స్పందిస్తోందో చూస్తారు. పుట్టగానే ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉన్న పిల్లలకు, కామెర్లు బాగా ముదిరిన పిల్లలకు ఓఏఈ పాసైనా సరే బేరా చేయించండి. లోపం చెవిలో కాకుండా నాడిలో ఉంటే ఓఏఈకి దొరకదు.

విశాఖలో కేజీహెచ్, వాల్తేరులోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి మనకు అందుబాటులో ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని చూసి, అనుమానం ఉంటే జిల్లా కేంద్రానికి పంపుతారు. రిపోర్టు అందుకున్నాక రెండు విషయాలు అడిగి రాయించుకోండి. ఒకటి, ఏ చెవికి ఎన్ని డెసిబెల్స్ లోపం. రెండు, లోపం మధ్య చెవిలోనా, లోపలి చెవిలోనా. మధ్య చెవిదైతే మందులతోనో ఆపరేషన్‌తోనో బాగుపడే అవకాశం ఎక్కువ. లోపలి చెవిదైతే మందులు వాడుతూ కూర్చోవద్దు. మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్ వచ్చి వినికిడి పోయిన బిడ్డ విషయంలో ఇంకా తొందరపడాలి. లోపలి చెవిలో ఎముక పెరిగి ఇంప్లాంట్, అంటే ఆపరేషన్‌తో అమర్చే వినికిడి పరికరం, పెట్టడమే కష్టం కావొచ్చు.

వస నాకిస్తే మాటలు వస్తాయని పెద్దవాళ్లు అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ వినికిడి లోపానికి వస మందు కాదు. చెవిలో నూనె అసలు పోయకండి. "వాళ్ల నాన్నకూ లేటుగానే వచ్చాయి మాటలు" అని ఊరుకోకండి. ఒక్క మాట ఇంటిల్లిపాదికీ చెప్పాలి: తల్లిని తప్పుపట్టొద్దు. పుట్టు చెవుడులో చాలాభాగం జన్యువుల వల్లే వస్తుంది. మేనరికం అయితే తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా ఒకే జన్యు లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. వాళ్లిద్దరికీ బాగానే వినిపిస్తుంది, బిడ్డకు వినిపించదు. అందులో ఎవరి తప్పూ లేదు.

రెండో అడుగు: సైగ భాషను ఇంట్లోకి తీసుకురండి

వినికిడి లేని పిల్లల్లో చాలా ఎక్కువమంది వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. కాబట్టి మీరు, మీ బిడ్డ ఒకేసారి ఈ భాష నేర్చుకుంటారు. మీరు బిడ్డ కంటే పది సైగలు ముందుంటే చాలు.

నేర్చుకునేది భారతీయ సైగ భాష, ఐఎస్ఎల్. మనకు మనం ఇంట్లో కల్పించుకున్న సైగలు పాలు, నీళ్లు, నిద్ర అడగడానికి సరిపోతాయి. "నిన్న బీచ్‌లో పడవ ఎందుకు రాలేదు?" అని అడగాలంటే చాలవు. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సైగ భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పదివేల పదాలతో వీడియో నిఘంటువు తెచ్చింది. 2022లో సైన్ లెర్న్ అనే యాప్ కూడా వచ్చింది. రెండూ ఉచితమే. 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్య 31వ టీవీ ఛానెల్ సైగ భాష కోసమే మొదలైంది.

వీడియోలు చూసి పదాలు వస్తాయి, భాష రాదు. ఐఎస్ఎల్‌కు తనదైన వ్యాకరణం ఉంది. తెలుగులో "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?" అంటాం. సైగలో "నువ్వు, వెళ్లడం, ఎక్కడ" అన్న వరసలో వచ్చి, ప్రశ్న చివర నిలుస్తుంది. కాదు, లేదు అనేవి కూడా చివరికే వస్తాయి. కనుబొమలు, తల ఊపడం, పెదవుల కదలిక కూడా వ్యాకరణంలో భాగమే. మొహంలో ఏ మార్పూ లేకుండా చేతులు మాత్రమే ఆడిస్తే మీ ప్రశ్న ప్రశ్నలా కనబడదు. ఇది బధిరుల దగ్గరే నేర్చుకోవాలి. దాని గురించి కాసేపట్లో.

ఇంట్లో రోజూ ఇలా చేయండి.

బిడ్డ కంటి ఎత్తుకు దిగండి, వెలుగు మీ మొహం మీద పడేలా కూర్చోండి. కిటికీ మీ వెనక ఉంటే మీ మొహం నీడలా కనిపిస్తుంది. పిలవడానికి భుజం మీద మెల్లగా తట్టండి, లేదా నేల మీద చేత్తో చరచండి, లైటు ఒకసారి ఆర్పి వెలిగించండి. గడ్డం పట్టుకుని మొహం తిప్పొద్దు.

వినే పిల్లలు బంతిని చూస్తూనే "బంతి" అన్న మాట వింటారు. మీ బిడ్డ ఒకేసారి బంతినీ మీ చేతుల్నీ చూడలేడు. అందుకే వాడు బంతిని చూసి మీ వైపు తిరిగేదాకా ఆగండి, అప్పుడు సైగ చేయండి. లేదా బంతి పక్కనే, వాడి చూపు పడే చోటే చేతులు పెట్టి చేయండి. చిన్నపిల్లలైతే వాళ్ల ఒంటి మీదే సైగ చేయొచ్చు. ఈ ఆగడం చాలామందికి కష్టంగా ఉంటుంది, కానీ దీన్నిమించిన పాఠం నాకు తెలీదు. చూపు కలిసిన ఆ క్షణంలో చెప్పిందే బిడ్డకు అందుతుంది.

మొదటి పదాలుగా బిడ్డ ఇష్టపడేవి తీసుకోండి. అమ్మ, నాన్న, పాలు, ఇంకా, వద్దు, అయిపోయింది, కుక్క, బస్సు, నొప్పి, ఎక్కడ. రంగులు, అంకెలు తర్వాత నేర్పొచ్చు. ఎనిమిది, పది నెలల నుంచి పిల్లలు తిరిగి సైగ చేయడం మొదలుపెడతారు. మొదట్లో వేళ్లు సరిగా తిరగవు, ముద్దు మాటల్లాగే ముద్దు సైగలు. సరిదిద్దకుండా మీరు సరైనది చేసి చూపించండి చాలు.

ఇంట్లోంచి బయటికి తీసుకెళ్లండి. ఎంవీపీ రైతుబజారులో వంకాయ, బెండకాయ, టమాటా ఒక్కొక్కటి చేతికిచ్చి సైగ చేయండి. బీచ్ రోడ్డు మీద కురుసుర జలాంతర్గామి ముందు నిలబడితే నీరు, లోపల, ఎందుకు, ఎలా అన్నవన్నీ అవసరమవుతాయి. జూ పార్కుకు వెళ్లే ముందు రోజే జంతువుల సైగలు నేర్చుకుని వెళ్లండి. వెళ్లొచ్చాక ఫోనులో ఫొటోలు చూస్తూ అదంతా మళ్లీ చెప్పండి. జరిగిపోయినదాన్ని చెప్పడం, జరగబోయేదాన్ని ఊహించడం వస్తేనే బిడ్డకు భాష వచ్చినట్టు.

మూడో అడుగు: చెవి మిషన్, ఇంప్లాంట్

మిషన్ పెట్టుకుంటే నిద్రపోయే, స్నానం చేసే సమయాలు తప్ప రోజంతా ఉండాలి. థెరపీ (మాటల శిక్షణ) గంటలో మాత్రమే పెట్టి తీసేస్తే ఉపయోగం లేదు. పసిపిల్లల చెవి త్వరగా పెరుగుతుంది, రెండు మూడు నెలలకోసారి మౌల్డ్, అంటే చెవిలో కూర్చునే అచ్చు, మార్చాల్సి వస్తుంది. కీ మని కూత వస్తోందంటే మౌల్డ్ వదులైందని చాలాసార్లు అర్థం.

మన ఊరి తేమ మిషన్లకు పెద్ద శత్రువు. ఏప్రిల్, మే నెలల చెమటలో ట్యూబులోకి నీటి బిందువులు చేరి శబ్దం ఆగిపోతుంది. రోజూ రాత్రి మెత్తని పొడి గుడ్డతో తుడిచి, బ్యాటరీ తీసేసి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో మూత పెట్టి ఉంచండి. జెల్ రంగు మారితే కొత్తది వేయండి. బ్యాటరీ స్టిక్కర్ తీశాక ఒక నిమిషం ఆగి అప్పుడు మిషన్‌లో పెట్టండి, గాలి తగిలాకే అది పనిచేస్తుంది. బ్యాటరీలు పిల్లలకు అందనీయకండి. మింగితే ఏమీ పెట్టకుండా నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాలి.

లోపం తీవ్రంగా ఉండి మిషన్‌తో ఫలితం లేకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి చెబుతారు. పుట్టు చెవుడికి ఇది ఎంత చిన్న వయసులో జరిగితే అంత మంచిది. కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకంలో ఐదేళ్ల లోపు పిల్లలకు అవకాశం ఉంది, దీన్ని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ చూస్తుంది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. రాష్ట్ర ఆరోగ్య పథకంలో అర్హత ఉందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. చెవి మిషన్లు కూడా ఆడిప్ కింద కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉచితంగా ఇస్తారు.

ఆపరేషన్‌కు ముందే కొన్ని అడిగి తెలుసుకోవాలి. వారంటీ ఎన్నేళ్లు? కాయిల్, కేబుల్ పాడైతే ఖర్చు ఎంత, అవి వైజాగ్‌లో దొరుకుతాయా? మ్యాపింగ్ (బిడ్డకు తగ్గట్టు పరికరాన్ని సర్దడం) ఎక్కడ, ఎన్నిసార్లు? మెనింజైటిస్ నుంచి కాపాడే న్యుమోకాకల్ టీకా పడిందా? ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు చెవి బయట పెట్టుకునే ప్రాసెసర్ స్విచ్ ఆన్ చేస్తారు. ఆ రోజు బిడ్డ "అమ్మా" అంటుందని ఎదురుచూడకండి. అప్పటికి ఆమె వినికిడి వయసు సున్నా. అర్థం చేసుకోవడానికి నెలలు, మాట్లాడటానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

ఇంప్లాంట్ ఉన్నా సైగ ఆపొద్దని చెప్పడానికి ఆర్కే బీచ్ ఒక్కటి చాలు. ఇసుక, ఉప్పు నీటి తుంపర భయంతో ప్రాసెసర్ తీసి సంచిలో పెడతాం. సరిగ్గా బిడ్డకు సంతోషంగా ఉన్న ఆ గంటలో, అలలు పెద్దవవుతున్నాయని హెచ్చరించాల్సిన ఆ గంటలో, మీ దగ్గర మిగిలేది సైగ భాషే. స్నానం, నిద్ర ముందు కబుర్లు, జ్వరం, ఛార్జింగ్ అయిపోయిన రైలు ప్రయాణం, అన్నీ అంతే.

నాలుగో అడుగు: తెలుగు మాట

రోజూ పొద్దున మిషన్ పెట్టగానే ఆరు శబ్దాలు పలికి చూడండి: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. నోరు కనపడకుండా, ఒక్కోసారి ఒక్కో వరసలో పలకండి. బిడ్డ విన్నప్పుడల్లా డబ్బాలో ఒక గోళీ వేయాలి. నిన్న విన్న "స్" ఈ రోజు వినకపోతే బ్యాటరీయో, మౌల్డో, చెవిలో చీము పట్టడమో కారణమేమో చూడాలి.

మాట్లాడేటప్పుడు మీటరు దూరంలోపే ఉండండి. మామూలు గొంతుతోనే మాట్లాడండి, అరిస్తే శబ్దం చెదురుతుంది. టీవీ, మిక్సీ ఆపండి, వీలైతే ఫ్యాన్ వేగం తగ్గించండి. పెదవులు చూసి గ్రహించమని బిడ్డ మీద భారం వేయకండి. బడి, పడి, మడి పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయి. క, గ అయితే పెదవుల మీద అసలు కనపడవు.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది, దీన్ని మన థెరపీల్లో తగినంత పట్టించుకోరని నా అభిప్రాయం. మన వాక్యంలో అసలు సంగతి మాట చివర ఉంటుంది. వచ్చాడు, వచ్చింది, వచ్చారు. ఇంట్లో, ఇంటికి, ఇంటి నుంచి. వాక్యం చివరికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది, మిషన్‌తో వినే బిడ్డకు ఆ చివరి భాగమే జారిపోతుంది. "తమ్ముడు వచ్చింది" అని పిల్లలు అనడం తెలివి తక్కువై కాదు, ఆ "డు" ఎప్పుడూ సరిగ్గా వినపడక. పక్కపక్కనే పెట్టి వినిపించండి: తమ్ముడు వచ్చాడు. అక్క వచ్చింది. తాతగారు వచ్చారు. చివరి అక్షరం మింగకండి. బొమ్మలతో, ఆటతో రోజుకు పది నిమిషాలు చేస్తే చాలు.

ఇంట్లో మాట్లాడే భాష ఒక్కటే పెట్టుకోండి, అది మీకు సహజంగా వచ్చే తెలుగే అయితే మంచిది. స్కూల్లో ఇంగ్లిష్ ఉంటుందని ఇంట్లో "కమ్ హియర్, సిట్ డౌన్" మొదలుపెట్టే వాళ్లున్నారు. జోల పాటా, తిట్టూ, కథా వచ్చే భాషలోనే మీరు బిడ్డకు ఎక్కువ ఇవ్వగలరు.

ఐదో అడుగు: రెండింటినీ ఎలా కలపాలి

నోటితో తెలుగు, చేతులతో ఐఎస్ఎల్ ఒకేసారి చేయాలని చాలామంది ప్రయత్నిస్తారు. రెండింటి వాక్య నిర్మాణం వేరు కాబట్టి ఏదో ఒకటి దెబ్బతింటుంది, సాధారణంగా దెబ్బతినేది సైగే. వేళలు విడదీసుకోండి. భోజనం, స్నానం, బయటి నడక పూర్తిగా సైగలో. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పుస్తకం, పాట, ఆట మాటలో. కొత్త పదం వచ్చినప్పుడు ముందు మాటగా చెప్పి, ఆగి, సైగ చేసి, మళ్లీ మాటగా చెప్పండి.

ఒక నోటుబుక్కులో రెండు వరసలు గీసి, బిడ్డ తనంతట తాను వాడిన సైగలు ఒకవైపు, మాటలు ఒకవైపు రాయండి. ఏడాదికల్లా మొదటి పదాలు, రెండేళ్లకు యాభై దాకా పదాలు, రెండేసి పదాల కలయికలు మామూలు పిల్లల్లో కనిపిస్తాయి. మీ బిడ్డకు లెక్క వేసేటప్పుడు రెండు వరసలూ కలిపి లెక్కించండి.

ఇక ఇంట్లో మిగతావాళ్లు. ఒక్క అమ్మకే సైగ వచ్చిన ఇంట్లో బిడ్డ పండగపూట అందరి మధ్యా కూర్చుని కూడా ఒంటరిగా ఉంటుంది. నానమ్మకు వారానికి ఐదు సైగలు చాలు. ముక్కుపుడకతో ఆడవాళ్లను, మీసంతో మగవాళ్లను సూచించే సైగలుంటాయి, పెద్దవాళ్లకు అవి ఇట్టే పట్టుబడతాయి. భోజనాల దగ్గర అందరూ నవ్వినప్పుడు "ఏమీ లేదులే, తర్వాత చెబుతా" అనకండి. ఎందుకు నవ్వారో అప్పుడే చెప్పండి.

ఆరో అడుగు: బధిరులైన పెద్దలతో స్నేహం

దీన్ని చివరికి వాయిదా వేస్తారు, నిజానికి మొదటి నెలలోనే జరగాలి. ఉద్యోగం చేస్తూ, బండి నడుపుతూ, పిల్లల్ని పెంచుతూ ఉన్న బధిర దంపతుల్ని ఒక్కసారి చూస్తే తల్లిదండ్రుల టెన్షన్ సగం తగ్గుతుంది. స్పెషల్ స్కూళ్ల ద్వారా, బధిరుల సంఘాల ద్వారా, ఏటా సెప్టెంబరు 23న జరిగే అంతర్జాతీయ సైగ భాషల దినోత్సవ కార్యక్రమాల్లో వాళ్లు కలుస్తారు. వారానికోసారి ఇంటికి పిలవండి, టీచర్‌కు ఇచ్చినట్టే ఫీజు ఇవ్వండి. వాళ్ల భాష నేర్చుకుంటున్నాం, అది ఉచితంగా ఆశించకూడదు. పరిచయం పెరిగాక వాళ్లే బిడ్డకు ఒక సైగ పేరు పెడతారు.

ఏడో అడుగు: చదవడం, బడి, కాగితాలు

పుస్తకం ఏడాది నిండకముందే మొదలుపెట్టండి. బొమ్మ చూపించి, సైగలో కథ చెప్పి, కింద ఉన్న తెలుగు పదాన్ని వేలితో చూపండి. ఫ్రిజ్, తలుపు, బియ్యం డబ్బా, అన్నిటికీ పేర్లు అంటించండి. మిషన్‌లో జారిపోయే "డు", "ది", "రు" అక్షరాల్లో స్పష్టంగా కనిపిస్తాయి. అందుకే ఈ పిల్లలకు రాత మాటకు కూడా సాయం చేస్తుంది.

బడి చూడటానికి వెళ్లినప్పుడు భవనం చూడకండి, మధ్యాహ్న భోజనం వేళ పిల్లల్ని చూడండి. వాళ్లలో వాళ్లు ఆగకుండా కబుర్లు చెప్పుకుంటున్నారా? టీచర్ ఆ కబుర్లు అర్థం చేసుకోగలుగుతోందా? బధిర టీచర్ ఒక్కరైనా ఉన్నారా? మామూలు బడిలో చేర్చితే సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం టీచర్ సాయం అడగండి. థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఎవరైనా భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లో 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరత, 60 నుంచి 70 ఉంటే పాక్షిక వినికిడి లోపం. వైకల్యం నలభై శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. పరీక్షల్లో అదనపు సమయం, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. వీటికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ కావాలి. నిర్ధారణ అయిన నెలలోనే సదరం పరీక్షకు స్లాట్ బుక్ చేసుకోండి. ఎన్ఐఓఎస్‌లో (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో) పదో తరగతికి సైగ భాషనే ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు.

భద్రత గురించి తప్పక నేర్పాల్సినవి కొన్నున్నాయి. శరీర భాగాలన్నిటికీ సైగలు, "వద్దు", "నన్ను ముట్టుకున్నాడు", "అమ్మకు చెబుతా". చెప్పుకోలేని పిల్లలనే చెడ్డవాళ్లు ఎంచుకుంటారు. జేబులో పేరు, ఫోన్ నంబర్, "నాకు వినపడదు" అని రాసిన కార్డు ఉంచండి. జగదాంబ లాంటి కూడళ్లలో హారన్ మీద ఆధారపడకుండా రెండు వైపులా చూసి దాటడం ఆటలా నేర్పండి.

ఆరు నెలలకోసారి నోటుబుక్కు తీసి చూడండి. మాటల వరస పెరగక సైగల వరస పెరుగుతుంటే బిడ్డ మెదడు బాగానే ఎదుగుతోందని అర్థం, మిషన్ సెట్టింగో మ్యాపింగో చూడమని ఆడియాలజిస్టును (వినికిడి నిపుణుణ్ని) అడగండి. రెండూ ఆగిపోతే ఇంట్లో భాష చాలడం లేదేమో చూసుకోండి, బధిర టీచర్ వచ్చే రోజులు పెంచండి. పిల్లల డాక్టర్‌కు, కంటి డాక్టర్‌కు కూడా ఒకసారి చూపించండి. సైగ భాషకు చూపే ఆధారం కాబట్టి కంటి పరీక్ష ఏటా తప్పనిసరి.